నులితీగలు తీసేయాలా, ఉంచాలా? పందిరి కింద భుజాల లెక్క కూడా చూద్దాం

బీర పందిరిలో తీసిన వీడియో పైన ఉంది. చేత్తో చూపించాల్సినవి అందులో చూపించాను. కూర్చుని చెప్పుకోవాల్సిన విషయాలు కొన్ని మిగిలిపోయాయి, అవి ఇక్కడ రాస్తున్నా.

ఈ సీజన్లో నాకు వచ్చిన ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, బీర తీగకు స్ప్రింగుల్లాగ వస్తయి కదా, అవి గిల్లేస్తే ఆ బలం కాయకు పోతదంటున్నరు. గిల్లెయ్యాల్నా?"

ఆరుబయట పందిరి మీద పెంచేవాళ్లకు నా జవాబు ఒక్కటే: గిల్లొద్దు. పాలీహౌస్‌లో కీరదోస పెంచేవాళ్ల సంగతి వేరు. అక్కడ గాలి కొట్టదు, తీగను వారం వారం మనిషే తాడుకు చుడతాడు లేదా క్లిప్పు పెడతాడు. ఆ పద్ధతిలో నులితీగలు పక్క మొక్కను, లేత కాయను పట్టుకుని ఇబ్బంది పెడతాయి కాబట్టి తీసేస్తారు. ఆ వీడియోలు చూసి మన పందిరి మీద అదే చేస్తే, తీగ ఉచితంగా చేసుకునే పనిని మనం కూలి ఇచ్చి చేయించినట్టు అవుతుంది. కూలి డబ్బు ఒక్కటే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. ఆ పని ఎవరి భుజాల మీద పడుతుందో కూడా ఇందులో ఉంది.

ముందు ఆ స్ప్రింగు సంగతి

మనం స్ప్రింగు అనేదాన్ని పుస్తకాల్లో నులితీగ అంటారు. బీర, కాకర, సొర, పొట్ల, దొండ, దోస, గుమ్మడి అన్నింటికీ ఉంటుంది. కాకరకు, దొండకు ఒంటిపోగు. సొరకు మామూలుగా రెండు పోగులుగా చీలుతుంది. బీరకు, గుమ్మడికి ఇంకా ఎక్కువ చీలికలు. బఠానీలో ఆకు చివరి రెక్కలే నులితీగలుగా మారిపోతాయి. అడవినాభిలో ఆకు కొసే సాగి చుట్టుకుంటుంది. ద్రాక్షలో ఇంకా విచిత్రం, పూల గుత్తి, నులితీగ రెండూ ఒకే రకం మొగ్గ నుంచి వస్తాయి. అందుకే అప్పుడప్పుడు నులితీగ మీదే రెండు మూడు ద్రాక్ష కాయలు కనిపిస్తాయి. పచ్చడి చేసుకునే నల్లేరు కూడా ద్రాక్ష కుటుంబమే, దానికీ నులితీగలుంటాయి.

చిక్కుడుకు మాత్రం ఇవి ఉండవు. చిక్కుడు, తీగబచ్చలి కాండంతోనే చుట్టుకుంటూ పోతాయి. తమలపాకు తీగ వేళ్లతో అంటుకుంటుంది. ఈ తేడా తెలియక చాలామంది అన్ని తీగలకూ ఒకే రకం ఆధారం పెడుతుంటారు. వెదురు బొంగు పాతితే చిక్కుడు హాయిగా చుట్టుకుంటూ పైకి పోతుంది. అదే బొంగు పక్కన బీర పెడితే కింద పడి ఉంటుంది. బీర కాండం చుట్టుకోదు, దాని నులితీగ అంత లావు బొంగును చుట్టి పట్టుకోలేదు. దానికి కావాల్సింది సన్నని పుల్ల, పురికొస, సన్న వైరు. మన పెద్దవాళ్లు బీర పాదుకు కంప వేసేవాళ్లు గుర్తుందా? తుమ్మ కంపో, కంది కట్టెలో, ఏది దొరికితే అది. చిటికెన వేలి కంటే సన్నని పుల్లలు వందల కొద్దీ ఉంటాయి అందులో. నులితీగ ఎటు చెయ్యి చాపినా ఏదో ఒకటి అందుతుంది.

చెయ్యి చాపడం అని ఊరికే అనలేదు. లేత నులితీగ నిటారుగా సాగి, గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంటుంది. మనం నిలబడి చూస్తే కనపడదు. వీడియోలో ఫోన్ను స్టాండుకు పెట్టి టైమ్ లాప్స్‌లో తీశాం, అందులో స్పష్టంగా తెలుస్తుంది. చీకట్లో గోడ తడుముకుంటూ స్విచ్చు వెతికినట్టు ఉంటుంది. ఏదైనా తగిలిందా, తగిలిన వైపుకు వంగుతుంది. ఎదుటి వైపు కణాలు ఎక్కువ సాగడం వల్ల ఈ వంపు వస్తుంది. కొన్ని జాతుల్లో అర నిమిషంలోపే వంపు కంటికి కనిపిస్తుంది. మన పందిరి తీగలు అంత తొందరపడవు, కానీ పొద్దున అందుకున్న పురికొసను సాయంత్రానికి రెండు మూడు చుట్లు చుట్టేసి ఉంటాయి. వాన చినుకు తగిలితే మాత్రం మోసపోవు, అది ఆధారం కాదని వాటికి తెలుస్తుంది.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. కొస పట్టు దొరికాక, ఒకటి రెండు రోజుల్లో మధ్య భాగం మెలితిరిగి స్ప్రింగు అవుతుంది. ఆ మెలికతో దూరం తగ్గి, మొత్తం తీగ ఆధారం వైపు లాగబడుతుంది. మోటారు లేదు, కండ లేదు, అయినా ఒక బరువును దగ్గరకు లాక్కుంటోంది.

ఈసారి పాదు దగ్గరకు వెళ్లినప్పుడు ఒక స్ప్రింగును దగ్గరగా చూడండి. సగం చుట్లు ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి, మధ్యలో చిన్న తిన్నటి ముక్క, అక్కడి నుంచి మిగతా సగం ఎదురు దిక్కుకు. నేను డిప్లొమా చదివేటప్పుడు బొమ్మ గీశాను కానీ ఎందుకలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. కారణం చాలా తేలిక. రెండు కొసలూ కట్టేసి ఉన్న తాడును మధ్యలో పట్టుకుని తిప్పండి. ఒక పక్క కుడికి మెలిక పడితే రెండో పక్క ఎడమకు పడుతుంది, వేరే దారి లేదు. నులితీగ ఒక కొస మొక్కకు, ఇంకో కొస ఆధారానికి బిగిసి ఉంది. ఇటు పడిన మెలికకు అటు సమానమైన ఎదురు మెలిక ఉండాల్సిందే, లేకపోతే నులితీగ తనంతట తాను తెగిపోయేంత మెలిపడుతుంది.

గాలివానలో తోటకు పోయిన పెద్దాయన

పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ పేరు అందరికీ తెలుసు. ఆయన తీగల మీద కూడా ఏళ్ల తరబడి కూర్చున్నాడని తక్కువమందికి తెలుసు. అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే 1858లో నులితీగల కదలిక మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. అది చదివి డార్విన్‌కు ఆసక్తి పుట్టింది. గ్రే పంపిన గింజలు మొలకెత్తించి గమనించడం మొదలుపెట్టాడు. ఆ గమనికలు 1865లో లండన్ లిన్నియన్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి, 1875లో పుస్తకంగా వచ్చాయి. స్ప్రింగు మధ్యలో దిక్కు మారడానికి పైన నేను చెప్పిన కారణం అందులో ఉన్నదే.

నాకు నచ్చింది మాత్రం ఇంకొకటి. బ్రయోనీ అని మన దొండ కుటుంబానికే చెందిన కంచె తీగ ఒకటి ఇంగ్లండ్‌లో ఉంటుంది. పెద్ద ఈదురుగాలి వీస్తున్నప్పుడు ఆయన పనిగట్టుకుని బయటకు వెళ్లి, ఆ తీగ ఏం చేస్తుందో చూసేవాడు. ఒక్కసారితో ఆగలేదు కూడా. చుట్టూ కొమ్మలు అల్లాడిపోతున్నా బ్రయోనీ నులితీగలు తెగలేదు. సాగాయి, మళ్లీ ముడుచుకున్నాయి. బిగుసుకుపోయిన కట్టు అయి ఉంటే మొదటి ఊపుకే పుటుక్కుమనేది అని ఆయన తేల్చాడు.

మే నెల గాలిదుమారంలో పందిరి చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. గాలి పోయాక వెళ్లి చూడండి. నులితీగ పట్టుకున్న చోట తీగ అలాగే ఉంటుంది. మనం ప్లాస్టిక్ సుతిలితో బిగించి కట్టిన చోట కాండం గీరుకుపోయో, కణుపు దగ్గర విరిగో ఉంటుంది.

2012లో హార్వర్డ్ పరిశోధకులు కీరదోస నులితీగను విడదీసి చూశారు. ఆ బృందంలో ఐఐటీ మద్రాసులో చదివిన ఎల్. మహదేవన్ కూడా ఉన్నారు. నులితీగ లోపల, పొడవునా, ఒక సన్నని నార పట్టీ ఉందని, దాని మందం రెండు కణాల వరసే అని వాళ్లు చూపించారు. ఒక వరస రెండో దానికంటే ఎక్కువ ముడుచుకోవడంతో పట్టీ మొత్తం చుట్టుకుపోతుంది. పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. మామూలు స్ప్రింగును లాగితే చుట్లు విప్పుకుంటుంది. ముదిరిన నులితీగను లాగితే మొదట చుట్లు విప్పుకోకుండా ఇంకా పెరుగుతాయి! అంటే కొద్దిగా లాగినప్పుడు మెత్తగా ఊరుకుంటుంది, గట్టిగా లాగేకొద్దీ గట్టిపడుతుంది.

ఈ గుణం గుర్తుపెట్టుకోండి. మొదట ఇవ్వడం, తర్వాత పట్టడం. మన ఒంట్లోనూ, ఎద్దు కాలిలోనూ ఇదే పని చేసే భాగం ఇంకొకటి ఉంది.

నరం కాదు, టెండాన్

కాలు బెణికితే నరం పట్టేసింది అంటాం. మడమ వెనక నరం, మోచేతి నరం. మనకు రక్తం పోయేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండను ఎముకకు కట్టేదీ నరమే, అన్నింటికీ ఒకటే మాట! కండను ఎముకకు కట్టే తాడును స్కూలు పుస్తకాల్లో స్నాయుబంధనం అన్నారు, డాక్టర్లు టెండాన్ అంటారు. నులితీగను ఇంగ్లీషులో టెండ్రిల్ అంటారు. రెండు పేర్లూ అక్కాచెల్లెళ్లలా వినపడతాయి కానీ చుట్టాలు కావట. టెండాన్ అనేది సాగదీయడం అనే అర్థమున్న పాత మాట నుంచి, టెండ్రిల్ లేత చిగురు అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చాయి.

పేర్లు చుట్టాలు కాకపోయినా పనితనం దగ్గరదే. టెండాన్‌లో ఎక్కువ భాగం నీరు, నీరు పోగా మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే నార. ఆ నారలు తిన్నగా ఉండవు, అలలు అలలుగా ఉంటాయి. కండ లాగడం మొదలవగానే ముందు ఆ అలలు తిన్నగా అవుతాయి, అప్పటిదాకా టెండాన్ మెత్తగా సాగుతుంది. పొడవులో సుమారు 2 శాతం సాగేదాకా ఇంతే. తర్వాత నారలన్నీ ఒకేసారి బిగుసుకుని బరువు మోస్తాయి. 8 నుంచి 10 శాతం దాకా సాగితే మామూలుగా తెగిపోతుంది.

తేడా కూడా చెప్పాలి. టెండాన్ తనంతట తాను లాగదు. లాగేది కండ, టెండాన్ ఆ లాగుడును ఎముకకు చేరవేసే పగ్గం మాత్రమే. నులితీగ పగ్గమూ తానే, లాగే ఎద్దూ తానే.

ఎద్దు కాలు చూడండి. ముందు కాలికి మోకాలి కింద, వెనక కాలికి మడిమ కీలు కింద చేత్తో పట్టుకుంటే ఎముక, చర్మం, గట్టి తాళ్లు తగులుతాయి, కండ అనేది దాదాపు ఉండదు. కండంతా పైన, జబ్బలోనూ తొడలోనూ ఉంది. అక్కడి నుంచి పొడుగాటి టెండాన్లు కిందికి దిగి గిట్టను కదుపుతాయి. కింది కాలు తేలిగ్గా ఉంది కాబట్టే దమ్ము చేసే మడిలో అడుగడుగుకీ కాలు ఎత్తి వేయగలుగుతోంది. అదే కండ గిట్ట దగ్గర ఉండి ఉంటే సగం బలం కాలు ఎత్తడానికే పోయేది.

కానీ టెండాన్‌కు రక్తం సరఫరా తక్కువ. కండకు దెబ్బ తగిలితే తొందరగా మానుతుంది, టెండాన్‌కు తగిలితే వారాలు, ఒక్కోసారి నెలలు. పని పెరిగేకొద్దీ కండ తొందరగా బలపడుతుంది, టెండాన్ చాలా నెమ్మదిగా బలపడుతుంది. వేసవంతా కట్టేసి ఉంచిన ఎద్దును తొలకరి పడగానే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాగలికి కడితే కండ తట్టుకుంటుంది, టెండాన్ తట్టుకోదు. మొదటి వారం గంటా రెండు గంటలతో మొదలుపెట్టి పెంచండి. గిట్టలు ముందుకు పొడుగ్గా పెరిగితే వెనక టెండాన్ల మీద లాగుడు ఎక్కువవుతుంది, పని కాలం ముందే గిట్టలు చెక్కించండి. మోకాలి కింద వెనక వైపు వాపు, వేడి, కుంటడం కనిపిస్తే ఆ రోజే పని ఆపేసి చల్లటి నీళ్లు పోయండి, పశువుల డాక్టరుకు చూపించండి. వాతలు పెట్టించకండి దయచేసి. వాతతో టెండాన్ మానదు, ఎద్దుకు ఇంకో పుండు మిగులుతుంది.

పుట్టిన దూడ కొన్నిసార్లు ముందు కాళ్లు వెనక్కి మడిచి, గిట్ట ముందు భాగం నేలకు ఆనించి నిలబడుతుంది. కాలు విరిగిందని భయపడి, ఇక బతకదని వదిలేసినవాళ్లు ఉన్నారు. కాలు వెనక టెండాన్లు బిగుసుకుపోయి పుట్టడం వల్ల అలా ఉంటుంది. కొద్దిగా ఉన్న దూడలు మెత్తటి నేల మీద తిరగనిస్తే కొన్ని రోజుల్లో తమంతట తామే తిన్నగా అవుతాయి. కొంచెం ఎక్కువ ఉంటే డాక్టరు లోపల దూది పెట్టి బద్దకట్టు వేస్తారు, దాన్ని విప్పి చూసుకుంటూ ఉండాలి. బాగా బిగుసుకున్నవాటికే ఆపరేషన్ దాకా పోతుంది. కాబట్టి దూడ అలా పుడితే ఆలస్యం చేయకండి, ముందు జున్నుపాలు తాగించండి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

పందిరి కింద ఎవరున్నారు

మళ్లీ బీర దగ్గరకు వద్దాం. వరసల మధ్య 2 మీటర్లు, మొక్కల మధ్య అర మీటరు వేశామనుకోండి. ఒక్కో మొక్కకు చదరపు మీటరు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు, అంటే సుమారు 4,000 మొక్కలు. నులితీగలు గిల్లేసి, ఒక్కో తీగను పందిరి మీద 4 చోట్ల మనమే కట్టాలంటే 16,000 ముళ్లు. ప్రతి ముడికీ రెండు చేతులూ తల పైకి లేవాలి.

ఆ చేతులు ఎవరివి? పందిరి ఎత్తు మనం 6 అడుగులో, 6న్నర అడుగులో పెడతాం. ఎందుకంటే మగవాళ్ల తలకు వైరు తగలకూడదు, కింద నుంచి వీడర్ పోవాలి. దాని కింద రోజంతా పని చేసేది ఆడవాళ్లు. మా వైపు ఎక్కువమంది 5 అడుగులకు కొంచెం అటూఇటూ ఉంటారు. వాళ్ల భుజం ఎత్తు 4 అడుగుల పైచిలుకు. వైరు అందుకోవాలంటే చెయ్యి పూర్తిగా చాచాలి, మెడ వెనక్కి వంచాలి.

భుజం కీలు పైన ఒక ఇరుకు సందు ఉంటుంది. చేతిని పక్కకు ఎత్తే కండ తాలూకు టెండాన్ ఆ సందులోంచే పోతుంది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేచినప్పుడల్లా అది రెండు ఎముకల మధ్య నలుగుతుంది. రోజుకు పది సార్లయితే ఏమీ కాదు. వేల సార్లు, రోజుల తరబడి అయితే వాస్తుంది, అరుగుతుంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం, జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోకపోవడం, పై అరలో డబ్బా అందుకోలేకపోవడం దాని గుర్తులు. మా దగ్గర పని చేసే ఒక అక్కకు ఇలాగే అయింది. వేరే తోటలో రెండు సీజన్లు పందిరి కట్టే పని చేసి వచ్చింది. నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తోంది. "వయసు పైనబడ్డది కదా" అంటుంది, ఆమెకు నలభై కూడా లేవు.

సహజ వ్యవసాయం అంటే నేలలో సూక్ష్మజీవులను చూసుకుంటాం, వానపాములను చూసుకుంటాం. పందిరి కింద చేతులెత్తి నిలబడ్డ మనిషి కూడా ఆ లెక్కలోకే రావాలని నా అభిప్రాయం. తీగకు ప్రతి కణుపు దగ్గరా ఒక ముడి పుట్టి వస్తోంది. దాన్ని గోటితో గిల్లేసి, ఆ ముడి మనిషి భుజంతో వేయించడం నాకు అర్థం కాని పని.

మేం ఏం చేస్తున్నాం

మొక్క నులితీగ వేయకముందే ఆధారం సిద్ధంగా ఉంటుంది. విత్తిన మూడు నాలుగు వారాల్లో నులితీగలు మొదలవుతాయి. అప్పటికి అందేంత దూరంలో ఏదీ లేకపోతే ఆ నులితీగ ఊరికే చుట్టుకుపోయి ఎండిపోతుంది, మళ్లీ పని చేయదు. పట్టు దొరికిన నులితీగ మాత్రం లావెక్కి, కట్టెలా గట్టిపడి చివరిదాకా ఉంటుంది. అందుకే గింజ వేసిన రెండో వారంలోనే పురికొసలు దించేస్తాం.

పురికొస జనపనారదే వాడతాం. పై కొస వైరుకు, కింది కొస మొక్క పక్కన చిన్న మేకుకు కడతాం. మొక్క మొదలుకు కట్టం. కొద్దిగా వదులు ఉంచుతాం, వేలితో తోస్తే రెండు మూడు అంగుళాలు కదలాలి. మొదటి రెండు మూడు కణుపులు మాత్రం చేత్తో ఆనించి, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా ఒక ముడి వేస్తాం. ఒక చుట్టు పురికొసకు, ఒక చుట్టు కాండానికి. కాండం లావెక్కినా కోసుకుపోదు. ఇదంతా నడుము నుంచి ఛాతీ ఎత్తులో జరిగే పని, భుజం దాటదు.

తీగ పైకి చేరాక వైర్ల మధ్య ఖాళీ ఎక్కువ ఉంటే నులితీగకు పట్టు దొరకదు, తీగలు కుప్పలా జారతాయి. రాతి కడీలను, లావు బొంగులను అది పట్టుకోలేదు. కాబట్టి పందిరి పైన అడ్డంగా నిలువుగా పురికొస లాగి, జానెడు నుంచి మూరెడు గళ్లు వచ్చేలా అల్లుతాం. ఈ పని మాత్రం పైన చేయాల్సిందే. దీనికి ఎత్తు పీట వేసుకుంటాం, అప్పుడు చేతులు ముఖం ఎత్తులో ఉంటాయి. ఒకే మనిషి రోజంతా చేయకుండా గంటకోసారి కలుపు పనికి మారతారు. పీటకు అయిన ఖర్చు ఒక్కరోజు కూలి కంటే తక్కువ.

కొత్తగా వేసుకునేవాళ్లు కాకరకు, దోసకు అడ్డుపందిరి ఆలోచించండి. కాయ నడుము నుంచి ముఖం ఎత్తులో దొరుకుతుంది, కోత తేలిక. బీర, సొర, పొట్ల కాయలు పై పందిరి నుంచి వేలాడితేనే తిన్నగా వస్తాయి, అవి కిందికి దిగుతాయి కాబట్టి కోతకు చెయ్యి మరీ పైకి పోదు.

నులితీగ గిల్లే సందర్భాలు మాకు రెండే. ఒకటి, లేత పిందెను చుట్టినప్పుడు. మేం కూరగాయలు నేరుగా ఇళ్లకు పంపిస్తాం. నడుము దగ్గర నొక్కుకుపోయిన బీరకాయ పోతే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, దానికి నులితీగ కథ చెబుతూ కూర్చోలేం. రెండు, పెరిగే కొసను పక్క తీగ నులితీగ పట్టేసినప్పుడు. పక్క కొమ్మలు తీసేటప్పుడు కూడా నులితీగ జోలికి పోం. నులితీగలు బలపడే మందని ఎవరైనా డబ్బా చేతిలో పెడితే కొనకండి. మొక్క ఆరోగ్యంగా ఉంటే, అందుకునేది ఏదైనా ఉంటే చాలు. జీవామృతం, మల్చింగ్ మామూలుగా ఇచ్చేదే ఇస్తున్నాం.

పుచ్చ వేసినవాళ్లకు ఒక ఉపయోగం. కాయ తొడిమ దగ్గర, అదే కణుపులో ఉన్న నులితీగ చూడండి. పచ్చగా ఉంటే కాయ ఇంకా ఆగాలి. గోధుమ రంగుకు తిరిగి ఎండితే కోతకు వచ్చినట్టు. కింద నేలకు ఆనిన మచ్చ తెలుపు నుంచి పసుపుకు మారిందా అన్నది కూడా కలిపి చూస్తే పొరపాటు తక్కువ. ద్రాక్ష రైతులైతే చిగురు కొసల దగ్గర నులితీగలు చూసే నీటి సంగతి చెబుతారు. చిగురును దాటి ముందుకు చాచుకుని ఉంటే నీరు సరిపోతున్నట్టు, వేలాడిపోతే తోట దాహంతో ఉన్నట్టు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసిన పెద్దవాళ్లను అడగండి, ఇలాంటివి ఇంకా చెబుతారు.

ఇక పంట అయిపోయాక ఒక చిక్కు ఉంది, దాచడం ఎందుకు. గట్టిపడిన నులితీగలు వైరును వదలవు. పచ్చి తీగను పీకబోతే పందిరే ఊగిపోతుంది, అది కూడా మళ్లీ చేతులెత్తి లాగే పనే. మేం మొదలు కోసేసి పది రోజులు ఎండనిస్తాం. తర్వాత పై పురికొసలను కొడవలికి పొడుగు కర్ర కట్టి కోసేస్తే ఎండుతీగ, నులితీగ, పురికొస అన్నీ కలిపి కిందపడతాయి. పండు ఈగ పట్టిన కాయలు ఏరి విడిగా గోతిలో పూడ్చి, మిగతాది అక్కడే వరసల మీద మల్చింగ్‌గా పరుస్తాం. జనపనార తాడు మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ సుతిలి వాడిన తోటలో అయితే ఈ మల్చింగ్ కుదరదు, ముక్క ముక్కా ఏరాలి. వైరు మీద మిగిలిన నులితీగ ముక్కలను మేం ముట్టుకోం. వచ్చే పంట నులితీగలకు ఆ గరుకు మీద పట్టు బాగానే దొరుకుతోంది.